నేను సున్నా వేసిన పుస్తకాలు

సున్నాలు వేసింది నేనే. ఆ మాట ముందే చెప్పేస్తే ఓ పనైపోతుంది. తర్వాత నేను ఎవర్ని ఎంత తిట్టినా అందులో నా వాటా కూడా ఉందని మీకు తెలిసే ఉంటుంది. ఈ రోజుకీ తల్చుకుంటే ఒళ్లు మండుతుంది. సగం మంట ఆ ఆఫీసరు మీద, సగం నా మీద. మా పిన్ని మీద కూడా కొంత ఉంది, అది తర్వాత చెప్తాను.

మా పిన్ని, అంటే మా అమ్మ చెల్లెలు, లైబ్రరీలో చినిగిన పుస్తకాలకి బైండింగ్ చేస్తుంది. ముప్ఫై నాలుగేళ్లుగా అదే పని, మెట్ల కింద అదే గది. గదిలో ఒక బల్ల, పుస్తకాల్ని నొక్కి పెట్టే ఇనప ప్రెస్సు, దారపు ఉండలు, మైనం ముద్ద, బెజ్జాలు పొడిచే ఆర ఒకటి, ఒక సుత్తి, రెండు కత్తులు, మైదా జిగురు ఉడికించే గిన్నె. పురుగు పట్టకుండా జిగురులో చిటికెడు మైలుతుత్తం వేస్తుంది. ఆ వాసన ఆవిడ బట్టల్ని, జుట్టుని ఎప్పుడూ వదల్లేదు. అందుకే పిల్లలు ఆవిడకి జిగురమ్మ అని పేరు పెట్టారు. ఎదురుగా అంటే వీపు విమానం మోత మోగుతుందని చాటుగా అనేవాళ్లు. ఆవిడకి తెలుసు. అన్నదెవరో కనిపెట్టి, పుస్తకం ముట్టుకునే ముందు వాళ్ల చేత రెండుసార్లు చేతులు కడిగించేది.

ఆవిడ చదివింది ఐదో తరగతి. పందొమ్మిదో ఏట లైబ్రరీలో ఊడ్చే పనికి చేరింది. అప్పటి బైండరు ముసలాయనకి చూపు తగ్గిపోతోంది, సూదిలో దారం ఎక్కించి పెట్టమని పిలిచేవాడు. దారం ఎక్కించడంతో మొదలుపెట్టి కుట్టు నేర్చుకుంది, అట్ట కొయ్యడం నేర్చుకుంది, ముసలాయన పోయేనాటికి గది ఆవిడదైంది. మధ్యలో పెళ్లయింది. మూడేళ్లు తిరక్కుండానే మొగుడు తన దారి తను చూసుకున్నాడు. ఆ సంగతి ఎవరైనా ఎత్తితే, "కుట్టు సరిగ్గా పడలేదు, ఊడిపోయింది" అనేది. అంతకు మించి ఒక్క మాట రాబట్టడం మా అమ్మ వల్ల కూడా కాలేదు.

ఆవిడకి చదవడం సరిగ్గా వచ్చింది మాత్రం పిల్లల గూఢచారి కథల వల్ల. నవ్వకండి, నిజం. పిల్లల పుస్తకాలు బైండింగ్ గదికి వచ్చేసరికి పుస్తకాల్లా ఉండవు, కాగితాల కుప్పలా ఉంటాయి. మూలలు చిరిగిపోయి సగం కాగితాలకి నంబర్లే ఉండవు. ఏ కాగితం తర్వాత ఏది రావాలో తెలియాలంటే కథ వెంట పడి పోవాలి. పనిలో కొత్తలో పిన్ని ఒకసారి రెండు కాగితాలు తారుమారు చేసి కుట్టేసింది. నాలుగో రోజున ఒక పిల్ల వచ్చి, "దొంగతనం చెయ్యకముందే దొంగ ఒప్పేసుకుంటున్నాడు, ఇదేం కథ?" అని అందరి ముందూ గొడవ పెట్టుకుంది. పిన్నికి తల కొట్టేసినట్టయింది. ఆ రోజు నుంచి ప్రతి పుస్తకం మొదటి నుంచి చివరిదాకా చదివితే గానీ సూది పట్టుకోలేదు.

"పద్యాల పుస్తకంలో కాగితం అటూ ఇటూ అయినా అడిగేవాడుండడు. గూఢచారి కథలో ఒక్కటి జారిందంటే పిల్లలు నా పీక పట్టుకుంటారు" అనేది.

ఆ గూఢచారి కథలు మొత్తం నలభై ఒక్క పుస్తకాలు. పిల్లల గదిలో కిటికీ పక్క అర వాటిది. అన్నీ వేసవి సెలవుల కథలే. బడి మూసేస్తారు, పిల్లలు ఎక్కడికో వెళ్తారు, అక్కడ ఎవడో దొంగ చూపులు చూస్తుంటాడు, పెద్దవాళ్లు నమ్మరు, పిల్లలే పట్టుకుంటారు. అన్నిట్లోకీ పేరు మోసింది "సెలవుల దళం" అనే వరస. అందులో నలుగురు పిల్లలు సెలవులకి మామయ్య ఐస్ ఫ్యాక్టరీకి వెళ్తారు. మొదటి భాగంలో ఒక ఐసు దిమ్మ మధ్యలో తాళంచెవి గడ్డకట్టి ఉంటుంది. దిమ్మ కరిగి తాళంచెవి దొంగ చేతికి చిక్కేలోపు అది ఏ తలుపుదో కనిపెట్టాలి.

నేను అక్షరాలు కూడబలుక్కుని చదివిన మొదటి పుస్తకం అదే. అమ్మకి మిల్లులో పని, సెలవుల్లో నన్ను పిన్ని గదిలో దింపేసి పోయేది. నేను బల్ల కింద అట్ట ముక్కల మధ్య కూర్చుని చదివేదాన్ని. పైనుంచి పిన్ని, "ఐసు కరిగిందా?" అని అడిగేది. "ఇంకా లేదు పిన్నీ" అనేదాన్ని. "అయితే కదలకు" అనేది. పదిహేను రోజులు పట్టింది నాకు ఆ ఐసు కరగడానికి.

సెలవులొస్తే ఆ అర ముందు నిలబడడానికి చోటుండేది కాదు. పిల్లలు పుస్తకాలు చదివి ఊరుకుంటారా, వాళ్లూ గూఢచారులైపోయేవాళ్లు. నిమ్మరసంతో చీటీలు రాసేవాళ్లు. పుస్తకం వెన్నుకీ అట్టకీ మధ్య ఉండే సందులో ఆ చీటీలు దూర్చి, ఇంకొకడు తీసుకోవాలని లెక్క. ఒక ఏడాది పిన్నికి అలాంటి చీటీ ఒకటి దొరికింది. "శత్రువు మూడింటికి టీ తాగడానికి వెళ్తుంది. అప్పుడు ఆర ఎత్తుకొద్దాం" అని ఉంది అందులో. పిన్ని ఆ చీటీని గోడకి గుచ్చి, వారం రోజులు టీ మూడున్నరకి మార్చింది. శత్రువు తానేనన్న సంతోషం ఆ వారమంతా ఆవిడ మొహంలో దాచినా దాగలేదు.

ఇప్పుడు ఆ తేదీ చీటీల సంగతి చెప్పాలి. పుస్తకం ఇంటికి తీసుకెళ్తే, మొదటి అట్ట లోపల అతికించి ఉన్న చీటీ మీద తేదీ ముద్ర వేస్తాం. ఆరేళ్లుగా కౌంటరులో కూర్చుని ఆ ముద్ర వేసేది నేను. ఏడాదికోసారి పొడిగించే ఉద్యోగం నాది. పిల్లల టికెట్లు ఏటా కొత్తవిస్తాం, పాతవి పారేస్తాం. అంచేత ఒక పుస్తకం ఎంతమంది చేతులు మారిందో చెప్పడానికి మిగిలే రుజువు ఆ చీటీ ఒక్కటే.

పిన్నికి ఒక పద్ధతి ఉంది. సెలవులకి రెండు నెలల ముందు ఆ నలభై ఒక్కటీ తన గదికి పట్టుకుపోయేది. ఊడినవి కుట్టి, కొత్త అట్ట వేసి, కొత్త గుడ్డ అంటించి, చివర్న పాత తేదీ చీటీ ఊడదీసి తెల్లటి కొత్త చీటీ అతికించేది. ముద్రలతో నిండి, చెమట చేతులతో నల్లబడ్డ పాత చీటీ ఆవిడ కంటికి ఆనేది కాదు. "కొత్త బట్టలు తొడిగి మొహం కడగకుండా పంపుతామా?" అనేది. సెలవులు మొదలయ్యేసరికి ఆ అర పెళ్లివారి ఇల్లులా ఉండేది. ముప్ఫై నాలుగేళ్లుగా ఎవరూ అందులో తప్పు పట్టలేదు. అసలు అందులో తప్పేముంటుందని నేనూ అనుకోలేదు.

కొత్త ఆఫీసరు చలికాలం చివర్లో వచ్చాడు. గొంతెత్తడు, కోప్పడడు, అందర్నీ మీరు అంటాడు, చెప్పులు చప్పుడు కాకుండా నడుస్తాడు. అరిచే ఆఫీసరుతో వేగొచ్చు. ఎంత చెప్పినా నిమ్మకు నీరెత్తినట్టు కూర్చునే మనిషితో ఎలా వేగాలి? అరల్లో చోటు చాలట్లేదు, చదవని పుస్తకాలు తీసేయాలి అన్నాడు. అందరికీ కాగితాలు పంచాడు. అందులో మూడు గళ్లు. ఏడాదిలో ఐదు ముద్రలైనా లేని పుస్తకం తీసేయాలి. ముద్రలుండి, చినిగిపోయింది బైండింగ్ గదికి వెళ్లాలి. మిగతాది అరలో ఉండాలి. ఏ పుస్తకానికి ఎన్ని ముద్రలో రాసే పని కౌంటరుకి, అంటే నాకు పడింది.

పిల్లల గది వంతు వచ్చేసరికి పిన్ని పని పూర్తి చేసి పుస్తకాలు అరలో సర్దేసి పది రోజులైంది. పరీక్షల రోజులు, పిల్లలింకా రావట్లేదు. మొదటి పుస్తకం తెరిచాను. చీటీ తెల్లగా ఉంది. రెండోది తెల్లగా ఉంది. ఆ పుస్తకాలు ఏ వేసవికి ఎన్నిసార్లు వెళ్తాయో ఈ లోకంలో నాకంటే బాగా తెలిసినవాళ్లు లేరు, ముద్రలు కొట్టి కొట్టి నా మణికట్టు వాచేది. కాగితం పట్టుకుని ఆఫీసరు గదికి వెళ్లాను.

"సార్, ఈ పిల్లల పుస్తకాలకి చీటీలు కొత్తగా వేశారు. నిజానికి ఇవి..."

"చీటీలో ఎన్ని ఉంటే అన్ని వేయండమ్మా. మన అభిప్రాయాలు రాయడానికి గడి లేదు కదా" అన్నాడు, నవ్వుతూనే.

అక్కడ నేను ఏం చెయ్యాలి? బల్ల గుద్ది చెప్పాలి. లేకపోతే పిన్నిని పిలుచుకు రావాలి. అదీ కాకపోతే ఆ కాగితం అక్కడే పెట్టేసి రావాలి. నేను గంగిరెద్దులా తలూపి వచ్చాను. నా ఉద్యోగం పొడిగింపు కాగితం ఆయన బల్ల మీదే ఉంది, సంతకం కోసం. వెళ్లి కూర్చుని, గుండ్రంగా, అందంగా, నలభై ఒక్క సున్నాలు వేశాను. ఆ మర్నాడు ఆఫీసరు పిల్లల గదికి వచ్చి ఒక పుస్తకం తీసి అటూ ఇటూ తిప్పి చూశాడు. "చూశారా, ఎంత కొత్తగా ఉందో. ఒక్కరూ ముట్టుకోలేదు" అన్నాడు. రెండు నెలలు మా పిన్ని నడుం వంచి చేసిన పని అది. నేను అక్కడే ఉన్నాను. నోరు మెదపలేదు.

పిన్నికీ చెప్పలేదు. పైనుంచి ఎవరో ఒకరు చూస్తారు, అడుగుతారు, అప్పుడు చెప్పొచ్చు అనుకున్నాను. ఎవరూ చూడలేదు, అడగలేదు.

సెలవులు మొదలైన రోజు తొమ్మిదిన్నరకి నేను వచ్చేసరికి నడవాలో తాళ్లతో కట్టిన కట్టలు పేర్చి ఉన్నాయి. మా ప్యూను చెమటలు తుడుచుకుంటూ, "మొదటి కట్ట పొద్దున్నే పాత పేపర్ల బండిలో వేసేశానమ్మా, జాగా ఉందంటేనూ. మిగతావాటికి నాలుగింటికి లారీ వస్తుంది" అన్నాడు. నా జాబితాలో వరస ప్రకారమే కట్టలు కట్టాడు, పాపం బుద్ధిమంతుడు. మొదటి కట్టలో మొదటి ఎనిమిది. అన్నిటికంటే పైన సెలవుల దళం మొదటి భాగం; అరలో వేరే చోట ఉన్న రెండో భాగం మరో కట్టలో మిగిలింది.

అప్పటికే గేటు దగ్గర పిల్లలు మూగుతున్నారు. పిన్ని గది తలుపు తెరుచుకుంది. ఆవిడ నడవాలోకి వచ్చి, కట్టల వంక చూసి, వంగి ఒక పుస్తకం వెన్ను మీద వేలు పెట్టింది. తన కుట్టు తనకి తెలుసు.

"ఎవరు లెక్క రాసింది?" అంది.

"నేనే పిన్నీ. చీటీలు ఖాళీగా ఉన్నాయి."

ఆవిడ ఏమీ అనలేదు. అనుంటే బాగుండేది. అనకపోయేసరికి నాకే పూనకం వచ్చినట్టయింది. "నువ్వు ఏటా పాత చీటీలు పీకి కొత్తవి అతికిస్తే నన్నేం చెయ్యమంటావు? నీ శుభ్రం పిచ్చి వల్లే కదా ఇదంతా! ఒక్క ఏడాది, ఒక్క ఏడాది ఆ మురికి చీటీ ఉంచితే నీ సొమ్మేం పోయింది?" అని అరిచాను. ప్యూను తాడు వదిలేసి నిలబడిపోయాడు. గేటు దగ్గర పిల్లలు గొంతులు తగ్గించారు.

"నాది శుభ్రం పిచ్చి" అంది పిన్ని. "నీదేంటి?"

భయం. ఆ మాట పైకి అనలేదు గానీ ఆవిడ విన్నట్టే చూసింది. ఆ చూపు మీద నాకు ఇప్పటికీ కోపమే.

ఆవిడ ఒక కట్ట తాడు విప్పి పైనున్న పుస్తకం తీసుకుంది. గదిలోకి వెళ్లి చిన్న కత్తి, తడి స్పాంజి పట్టుకొచ్చింది. నేరుగా ఆఫీసరు గదిలోకి నడిచింది. నేను వెనకాలే పరుగెత్తాను. కత్తి చూసి ఆఫీసరు కుర్చీ గోడదాకా జరిపాడు. అంతకు ముందు ఆ మనిషి మొహంలో ఒక రంగు మారడం నేను చూడలేదు.

"కూర్చోండి సార్, మీకు కాదు" అంది పిన్ని.

పుస్తకం బల్ల మీద బోర్లా పెట్టి, అట్టకీ వెన్నుకీ మధ్య గీత వెంట కత్తి దింపింది. చర్రుమని గుడ్డ చిరిగింది. ఇన్నేళ్లలో ఆవిడ పుస్తకం అతికించడమే చూశాను గానీ చింపడం చూడలేదు. ఒక కాగితం మూల మడిచినందుకు పిల్లల చెవులు మెలేసిన మనిషి, అప్పుడే బైండింగ్ చేసిన పుస్తకాన్ని నిలువునా చీరేసింది. అట్ట ఊడొచ్చింది. వెన్ను బయటపడింది.

వెన్ను లోపల బలానికి గట్టి కాగితం అతికిస్తారు. కొందరు పాత పేపరు వాడతారు. పిన్ని పాత తేదీ చీటీలు వాడేది. గట్టి కాగితం, సన్నగా పొడుగ్గా ఉంటుంది, వెన్నుకి సరిగ్గా కొలత. పారేయడం ఎందుకని ఏ పుస్తకం చీటీ ఆ పుస్తకం వెన్నుకే వేసేది. పాత పొర గట్టిగా ఉంటే పీకేది కాదు, దాని మీదే ఇంకో పొర. చిన్నప్పుడు ఆ చీటీలు తడిపి ఊడదీసి ఇచ్చింది నేనే. ఆ సంగతి నాకు గుర్తే రాలేదు. సున్నాలు వేసేటప్పుడు ఒక్కసారైనా గుర్తొస్తే నా చెయ్యి ఆగేది కదా!

పిన్ని స్పాంజితో వెన్ను తడిపి, గోటితో ఒక్కో పొరా ఊడదీసి ఆఫీసరు ముందున్న బల్ల అద్దం మీద పరిచింది. నాలుగు చీటీలు, నాలుగు వేసవులు. ఒక్కోదాని మీద ముద్ర మీద ముద్ర, ఖాళీ లేక అంచుల్లో కూడా కొట్టినవి. అన్నీ నా చేతి ముద్రలే, వంకరగా.

"చదివారు సార్" అంది పిన్ని.

ఆఫీసరు చీటీల మీదికి వంగి చాలాసేపు చూశాడు. తల ఎత్తి, అదే గొంతుతో, "ఇది ఒక్క పుస్తకం అమ్మా. మిగతావాటి సంగతి మనకి తెలీదు కదా" అన్నాడు.

ఆ పెన్ను స్టాండు తీసి ఆయన నెత్తిన బోర్లించాలనిపించింది. పిన్ని మాత్రం, "సరే" అంది.

నడవాలో నేల మీద కూర్చుంది. ఇంకా ముప్ఫై రెండు పుస్తకాలు. ఒక్కోటి తీసి వెన్ను కోసి, తడిపి, చీటీలు ఊడదీసి నా చేతికిచ్చింది. నేను గోడ వెంట వరసగా ఆరబెట్టి, పుస్తకం పేరు పక్కన ముద్రలు లెక్కేసి రాశాను. ఈసారి సున్నా లేదు. అప్పటికి పిల్లలు లోపలికి వచ్చేశారు. జిగురమ్మ పుస్తకాలు చింపుతోందంటే నమ్మలేక చుట్టూ మూగారు. కళ్లజోడు పెట్టుకున్న ఒక పిల్ల, రోజూ అందరికంటే ముందొచ్చేది, ఒక్కసారిగా ఏడుపు అందుకుంది.

"ఎందుకు చింపుతున్నావు జిగురమ్మా? మేం చేతులు కడుక్కునే ముట్టుకున్నాం!"

మొహం మీదే ఆ పేరు అనేసింది. పిన్ని పట్టించుకోలేదు. పట్టించుకునే స్థితిలో లేదు. ఆవిడ కళ్లు కూడా కారుతున్నాయి, చెయ్యి మాత్రం ఆగలేదు. ఇరవయ్యో పుస్తకం దగ్గర కత్తి జారి బొటనవేలు తెగింది. గుడ్డ ముక్క చుట్టుకుని మళ్లీ మొదలుపెట్టింది. నాకు ఒకటే అనిపించింది. తప్పు రాసింది నేను, నమ్మనిది ఆఫీసరు, తన పని తన చేత్తో చీల్చుకుంటున్నది మాత్రం ఆవిడ. ఇందులో న్యాయం ఎక్కడుంది?

మూడు దాటాక లెక్క తేలింది. ముప్ఫై మూడు పుస్తకాలకి మూడు వేల నాలుగు వందల పైచిలుకు ముద్రలు. ఆ కాగితం, తడి చీటీల దొంతర పట్టుకుని ఇద్దరం వెళ్లాం. ఆఫీసరు అంకెలన్నీ చదివాడు. రెండు పుస్తకాల చీటీలు తీసి స్వయంగా లెక్క సరిచూశాడు కూడా.

"ఒప్పుకుంటాను. ఇవి చదివే పుస్తకాలే" అన్నాడు. కిటికీలోంచి నడవా వైపు చూశాడు. "కానీ ఇప్పుడు ఇవి అట్టలు ఊడిన పుస్తకాలు కదమ్మా. చినిగినవి అరలో పెట్టడానికి కుదరదు. లారీ ఎలాగూ వస్తోంది..."

ఏం అనబోయానో నాకే తెలీదు. పిన్ని నా మోచెయ్యి పట్టుకుని ఆపి, ఆయన బల్ల మీదున్న మూడు గళ్ల కాగితాన్నే ఆయన వైపు తిప్పింది. గుడ్డ చుట్టిన బొటనవేలు రెండో గడి మీద పెట్టింది.

"ముద్రలుండి చినిగినవి బైండింగ్ గదికి పంపాలి. మీరు రాసిందే. నేను చదువుతాను సార్, ఏది చేతికొచ్చినా మొదటి నుంచి చివరిదాకా చదువుతాను."

ఆయన ఆ గడి చదివాడు. పెన్ను తీసి సంతకం పెట్టాడు. నాలుగింటికి వచ్చిన లారీ వేరే కట్టలు ఎక్కించుకుని పోయింది.

ఆ సాయంత్రమే పాత పేపర్ల కొట్టుకి పరుగెత్తాను. పొద్దున వచ్చిన సరుకంతా అప్పుడే మిషన్లో అదిమి దిమ్మలు కట్టేశాం, కాగితం మిల్లుకి వెళ్లిపోయింది అన్నాడు కొట్టువాడు. నమ్మకపోతే చూసుకోమని ఖాళీ గది చూపించాడు. ఎనిమిది పుస్తకాలు. వాటి వెన్నులోని చీటీలు ఎవరూ లెక్కపెట్టలేదు.

ఆఫీసరు పైకి పంపిన నివేదికలో "బాగా చదువుతున్న పిల్లల పుస్తకాలను గుర్తించి మరమ్మతుకు పంపడమైనది" అని రాశాడు. గుర్తించింది ఆయనేనట! టైపు చేసింది నేను. నా ఉద్యోగం ఇంకో ఏడాది పొడిగించాడు, లెక్కలు శుభ్రంగా రాస్తానని మెచ్చుకున్నాడు. ఆ కాగితం తీసుకున్నందుకు నా చేతులు విరగ్గొట్టుకోవాలనిపించింది. తీసుకున్నాను.

పిన్ని ఆ వేసవంతా గది దాటి రాలేదు. రోజుకి ఒకటి, ఓపికుంటే రెండు. పిల్లలు మెట్ల మీద కూర్చుని కాచుకునేవాళ్లు, ఒక్కో పుస్తకం బయటికి రాగానే మీద పడేవాళ్లు. ఈసారి ఆవిడ పాత చీటీలు వెన్నులో వేయలేదు. ఆరబెట్టి, ఒకదాని మీద ఒకటి పెట్టి, మొదటి అట్ట లోపలే అంచు పట్టి కుట్టేసింది. మురికిగా, లావుగా, పుస్తకం సరిగ్గా మూసుకోకుండా అడ్డం పడుతుంటాయి. చూడ్డానికి అసహ్యంగా ఉంటుంది. అంత అసహ్యమైన పని ఆవిడ చేతిలోంచి రావడం నేనెప్పుడూ చూడలేదు. "బాగోలేదు పిన్నీ" అన్నాను ఒకసారి, ఏదో మాట కలపాలని. "నీకు కనపడాలి కదా" అంది. అప్పటినుంచి ఆవిడ నాతో పని మాటే తప్ప వేరే మాట్లాడడం మానేసింది.

ఒక్క పని మాత్రం నాకు అప్పజెప్పింది. ఆ ఎనిమిదింటి గురించి పిల్లలు ఆవిడనే అడిగేవాళ్లు, బైండింగ్ గదిలో ఉన్నాయనుకుని. ఆవిడ కౌంటరు వైపు చెయ్యి చూపించేది. "అక్కనడగండి, అక్క చెప్తుంది."

నిన్న కళ్లజోడు పిల్ల వచ్చింది. సెలవుల దళం రెండో భాగం నా ముందు పెట్టి, చేతులు కడుక్కున్నానని రెండు అరచేతులూ చూపించింది.

"మొదటి భాగం ఏదక్కా? తమ్ముడికి కావాలి. వాడికి ఇప్పుడిప్పుడే చదవడం వస్తోంది."

"లేదమ్మా. నేను పారేయించాను."

ఆ పిల్ల నమ్మలేనట్టు చూసింది. "చదవకుండానే?"

మెట్ల కింద సుత్తి చప్పుడు ఆగిపోయింది.

"చదివాను" అన్నాను. "ఐసు కరిగేదాకా చదివాను."

"మరి ఎందుకు?"

రెండో భాగం తెరిచి, కుట్టిన పాత చీటీలన్నీ ఒక పక్కకి తిప్పి, కొత్త చీటీ మీద తేదీ ముద్ర వేశాను. పుస్తకం ఆ పిల్ల వైపు జరిపాను. ఆ పిల్ల తీసుకోలేదు, జవాబు కోసం నా మొహంలోకే చూస్తూ నిలబడింది. మెట్ల కింద సుత్తి ఇంకా మొదలవలేదు.